బయటి నుంచి మెయిల్ అందనప్పుడు: లోడ్ బ్యాలెన్సర్ వెనుక ఉన్న మెయిల్ సర్వర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో ప్రధాన కార్యాలయం, ధర్మవరం, హిందూపురం, గుంతకల్లు, తాడిపత్రి వంటి ఊళ్లలో శాఖలు పెట్టుకుని, సొంత మెయిల్ సర్వర్లను నడుపుకునే సంస్థల నిర్వాహకులు ఒకే రకం సందేహాలను మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. ఒక సర్వర్ ఆగినా పని ఆగకూడదని రెండు సర్వర్లు ఏర్పాటు చేసి, వాటి ముందు లోడ్ బ్యాలెన్సర్ (వచ్చే కనెక్షన్లను సర్వర్ల మధ్య పంచే యంత్రం) నిలుపుతారు. కార్యాలయం లోపల అంతా సవ్యంగా నడుస్తుంది, గేటు దాటిన సిబ్బందికి మాత్రం మెయిల్ అందదు. ఆ సందేహాలకు జవాబులను ఇక్కడ దశలవారీగా కూర్చాం. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ మెయిల్ సర్వర్ వాడేవారినీ, మెయిల్ పంపి అందుకునే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులను తెరిచి చూపే డవ్‌కాట్ వాడేవారినీ దృష్టిలో పెట్టుకున్నాం.

## ఏ సెట్టింగునూ మార్చక ముందు

ఆఫీసులో మెయిల్ బాగానే తెరుచుకుంటోంది, బయటికి వెళ్తే రావడం లేదు. మొట్టమొదట ఏం చూడాలి?

ఏ దశలో ఆగిపోతోందో తేల్చుకోవాలి. బయటి వ్యక్తి ఫోన్ ముందుగా సర్వర్ పేరుకు చిరునామాను వెతుకుతుంది, ఆ పబ్లిక్ చిరునామాకు చేరుతుంది, రాకపోకలను వడపోసే ఫైర్‌వాల్ దాటుతుంది, లోడ్ బ్యాలెన్సర్‌ను కలుస్తుంది, అది ఎంచుకున్న సర్వర్‌ను చేరుతుంది, చివరికి లాగిన్ అవుతుంది. కనిపించే దోష సందేశమే ఎక్కడ ఆగిందో చాలావరకు చెబుతుంది. పేరు దొరకలేదంటే, పేరుకు చిరునామాను చెప్పే డీఎన్‌ఎస్‌ను చూడాలి. చాలాసేపు తిరిగి గడువు ముగిసిందంటే ప్యాకెట్ దారిలో ఎక్కడో రాలిపోతోందని, లేదా జవాబు తిరిగి రావడం లేదని అర్థం. తక్షణమే నిరాకరణ వస్తే ప్యాకెట్ ఏదో ఒక యంత్రాన్ని చేరిందని, కానీ ఆ పోర్టులో (ఒక్కో సేవకు కేటాయించిన, సంఖ్య గల ద్వారం) వినేవారు లేరని, లేదా ఫైర్‌వాల్ తిప్పికొడుతోందని అనుకోవచ్చు. 503 (సేవ అందుబాటులో లేదు) కనిపిస్తే లోడ్ బ్యాలెన్సర్ దాకా దారి సరిగ్గానే ఉంది, దాని వెనుక పనిచేసే సర్వర్ దానికి దొరకడం లేదు. పాస్‌వర్డ్ పదేపదే అడిగితే నెట్‌వర్క్‌ను వదిలి ప్రమాణీకరణను పరిశీలించాలి. ఈ నిర్ధారణ జరగకుండా ఫైర్‌వాల్ నియమాలను మార్చడం మొదలుపెడితే ఉన్న సమస్యకు కొత్తది తోడవుతుంది.

బయటి నుంచి పరీక్షించి చెప్పేవాళ్లు నాకు ఎవరూ లేరు. ఆఫీసులో కూర్చునే చూడవచ్చా?

చూడవచ్చు. ఫోన్‌లో వైఫై ఆపి, మొబైల్ డేటాను హాట్‌స్పాట్‌గా ల్యాప్‌టాప్‌కు ఇస్తే మీరు బయటివారితో సమానం. ఆ ల్యాప్‌టాప్‌లో కార్యాలయపు వీపీఎన్ నడవకుండా చూసుకోండి. ఎక్స్ఛేంజ్ వాడేవారికి మైక్రోసాఫ్ట్ వారి రిమోట్ కనెక్టివిటీ ఎనలైజర్ అనే వెబ్ పరీక్ష దశలను విడివిడిగా చూపిస్తుంది. దానికి అసలు ఉద్యోగి పాస్‌వర్డ్ ఇవ్వకుండా పరీక్ష ఖాతా ఒకటి తయారుచేసి వాడండి, పని అయ్యాక దాన్ని మూసివేయండి. సర్వర్ల మధ్య ఉత్తరాలు నడిచే 25వ పోర్టును మాత్రం ఇంటి కనెక్షన్ నుంచి పరీక్షించి నిర్ణయానికి రావద్దు. స్పామ్‌ను అరికట్టడానికి చాలా ఐఎస్పీలు (ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలు) ఆ పోర్టును తమ వైపే మూసివేస్తాయి. అమెజాన్ క్లౌడ్ సర్వర్ల నుంచి కూడా అనుమతి కోరకుండా 25వ పోర్టుకు బయటికి వెళ్లలేరు.

ఒకసారి పనిచేస్తుంది, మరోసారి పనిచేయదు. ఇదెలా సాధ్యం?

రెండు సర్వర్లలో ఒకటి మాత్రమే చెడిందనడానికి ఇంతకన్నా స్పష్టమైన గుర్తు లేదు. లోడ్ బ్యాలెన్సర్ వచ్చిన కనెక్షన్లను వంతులవారీగా పంచుతుంది కనుక, చెడిన సర్వర్ వంతు వచ్చినవారికి దోషం కనిపిస్తుంది, మళ్లీ ప్రయత్నించగానే మంచి సర్వర్ దొరుకుతుంది. అప్పుడు ఫిర్యాదును కొట్టిపారేయడం సులభం, కానీ సరిగ్గా అప్పుడే దాన్ని పట్టుకోవాలి. రద్దీ లేని సమయంలో ఒక సర్వర్‌ను జట్టు నుంచి తప్పించి, కొనసాగుతున్న కనెక్షన్లు ముగిసేదాకా ఆగి, బయటి నుంచి పరీక్షించండి. తరువాత దాన్ని చేర్చి రెండోదాన్ని తప్పించండి. చెడినది ఏదో తెలిశాక రెండింటినీ పక్కపక్కన పెట్టి సర్టిఫికెట్ (సర్వర్ గుర్తింపు పత్రం), అప్‌డేట్లు, డిఫాల్ట్ గేట్‌వే (ప్యాకెట్లు బయటికి వెళ్లే దారి), గడియారం, సర్వర్‌లోని సొంత ఫైర్‌వాల్ పోల్చి చూడండి.

## పేరు, చిరునామా దశ

సర్వర్ పేరుకు ఆఫీసులో ఒక చిరునామా, బయట ఇంకో చిరునామా చూపిస్తోంది. ఇది తప్పా?

తప్పు కాదు. లోపలివారికి లోపలి చిరునామాను, బయటివారికి పబ్లిక్ చిరునామాను చూపించే ఏర్పాటును కావాలనే చేస్తారు. బయట కనిపించేది 10తో గానీ, 192.168తో గానీ, 172.16 నుంచి 172.31 లోపు గానీ మొదలైతే మాత్రం ప్రైవేటు చిరునామా పబ్లిక్ డీఎన్‌ఎస్‌లోకి ఎక్కిందని అర్థం, దాన్ని వెంటనే మార్చాలి. పబ్లిక్ చిరునామా ఫైర్‌వాల్ ద్వారా లోడ్ బ్యాలెన్సర్ వర్చువల్ చిరునామాకు (రెండు సర్వర్ల తరఫున అది చూపే ఒకే చిరునామా) చేరాలే తప్ప, పాత రోజుల్లో పెట్టిన మొదటి సర్వర్‌కు నేరుగా వెళ్లకూడదు. అలా మిగిలిపోయిన నియమం ఆ మొదటి సర్వర్ ఆగిన రోజున మాత్రమే బయటపడుతుంది.

ఐఎస్పీని మార్చాం. కొందరికి మెయిల్ వస్తోంది, కొందరికి రావడం లేదు. ఎందుకు?

పాత చిరునామాను కొన్ని డీఎన్‌ఎస్ సర్వర్లు ఇంకా గుర్తుంచుకున్నాయి. ఎంతసేపు గుర్తుంచుకోవాలో చెప్పే టీటీఎల్ విలువ 86400 సెకన్లు ఉంటే ఒక రోజంతా పాత చిరునామాకే వెళ్లవచ్చు. ముందుగా తెలిసిన మార్పైతే కొన్ని రోజుల ముందే ఆ విలువను 300కు తగ్గించి, మార్పు తరువాత తిరిగి పెంచాలి. మరొక సంగతి తరచుగా మరుగున పడుతుంది: చాలా మొబైల్ నెట్‌వర్కులు కొత్త తరహా చిరునామా అయిన ఐపీవీ6కు ప్రాధాన్యం ఇస్తాయి కనుక, పేరుకు పాత ఐపీవీ6 రికార్డు మిగిలి ఉంటే ఫోన్లు ముందు దాన్నే ప్రయత్నిస్తాయి. ఆటోడిస్కవర్ రికార్డు (మెయిల్ యాప్‌కు సర్వర్ వివరాలు దొరికేలా చేసేది), ఎస్‌పీఎఫ్ (మీ డొమైన్ పేరుతో మెయిల్ పంపగల చిరునామాల జాబితా), బయటికి పంపే చిరునామాకు ఉండవలసిన రివర్స్ రికార్డు (చిరునామా నుంచి పేరును చెప్పేది) కూడా కొత్త చిరునామాకు మారాయో లేదో చూసుకోండి.

మా ఫైబర్ లైన్‌కు వచ్చిన చిరునామా 100తో మొదలవుతోంది. దానికి పోర్టు ఫార్వర్డింగ్ (బయటి కనెక్షన్‌ను లోపలి యంత్రానికి మళ్లించడం) పెట్టినా ఫలితం లేదు.

100.64 నుంచి 100.127 దాకా ఉన్న చిరునామాలను ఐఎస్పీలు తమ లోపలి పంపిణీకి వాడుకుంటాయి, వాటికి బయటి నుంచి దారి ఉండదు. మీ రౌటర్‌లో ఏం మార్చినా పని జరగదు. ఐఎస్పీని స్థిరమైన పబ్లిక్ చిరునామా అడగడమే సూటి మార్గం.

బయట మొబైల్ డేటాలో పనిచేస్తోంది, ఆఫీసు వైఫైకి రాగానే ఆగిపోతోంది. ఇదేం తిరకాసు?

వైఫైలో ఉన్న ఫోన్ పబ్లిక్ చిరునామాకు వెళ్లి, అదే ఫైర్‌వాల్ ద్వారా మళ్లీ లోపలికి తిరిగి రావలసి వస్తోంది. చాలా ఫైర్‌వాల్‌లు దీన్ని ప్రత్యేక నియమం లేకుండా ఒప్పుకోవు. వైఫై వాడేవారికి మీ లోపలి డీఎన్‌ఎస్‌ను ఇచ్చి, లోపలి చిరునామా దొరికేలా చేయడం మేలు.

## ఫైర్‌వాల్, రౌటింగ్ దశ

బయటివారి కోసం ఏయే పోర్టులు తెరవాలి?

ఇతర మెయిల్ సర్వర్ల నుంచి ఉత్తరాలు రావడానికి 25, మన సిబ్బంది పంపడానికి 587 లేదా 465, సర్వర్‌లోని మెయిల్‌ను యాప్‌లో చదివే ఐమ్యాప్‌కు 993, వెబ్‌మెయిల్‌కూ ఫోన్లకూ 443 సరిపోతాయి. గుప్తీకరణ లేకుండానే మొదలయ్యే 110, 143 పోర్టులను బయటికి తెరవవద్దు. ఎక్స్ఛేంజ్ నిర్వహణ పేజీని 443లోనే లోడ్ బ్యాలెన్సర్ వద్ద మార్గం ఆధారంగా అడ్డుకోవచ్చు, అడ్డుకోవాలి కూడా. 2021 మార్చిలో వెల్లడైన, ఎక్స్ఛేంజ్‌లోని ప్రాక్సీలాగన్ భద్రతా లోపాలను వాడుకున్నవారు తెరిచి ఉన్న 443 గుండానే ప్రవేశించారు. ఎక్స్ఛేంజ్ 2016, 2019లకు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వాటిని ఇంకా బయటికి తెరిచి ఉంచినవారు బయటి ప్రవేశాన్ని బాగుచేసుకోవడం కన్నా ముందు కొత్త సంచికకు మారడం గురించి ఆలోచించాలని గట్టిగా కోరుతున్నాను.

ప్యాకెట్ సర్వర్ దాకా వస్తున్నట్టు కనిపిస్తోంది, జవాబు మాత్రం బయటికి చేరడం లేదు. ఎక్కడ పోతోంది?

వచ్చిన దారి ఒకటి, వెళ్లే దారి ఇంకొకటి అయినప్పుడు ఇలా జరుగుతుంది, లోడ్ బ్యాలెన్సర్ పెట్టిన కొత్తలో ఎదురయ్యే చిక్కుల్లో ఇది ముఖ్యమైనది. బయటి ఫోన్ మాట్లాడేది లోడ్ బ్యాలెన్సర్ వర్చువల్ చిరునామాతో. లోడ్ బ్యాలెన్సర్ పంపినవారి చిరునామాను మార్చకుండా ప్యాకెట్‌ను సర్వర్‌కు ఇచ్చి, సర్వర్ డిఫాల్ట్ గేట్‌వే మాత్రం ఫైర్‌వాల్ అయి ఉంటే, సర్వర్ తన జవాబును లోడ్ బ్యాలెన్సర్‌ను దాటవేసి నేరుగా ఫైర్‌వాల్‌కు పంపుతుంది. ఆ చిరునామా నుంచి జవాబు వస్తుందని ఎదురుచూడని ఫైర్‌వాల్ దాన్ని పారవేస్తుంది. రెండు పరిష్కారాలు ఉన్నాయి. సర్వర్ల గేట్‌వేగా లోడ్ బ్యాలెన్సర్‌ను పెట్టవచ్చు, లేదా లోడ్ బ్యాలెన్సరే పంపినవారి చిరునామాను తన చిరునామాగా మార్చి పంపేలా చేయవచ్చు. రెండోది తేలిక, కానీ దానితో అసలు పంపినవారెవరో సర్వర్‌కు తెలియకుండా పోతుంది.

రెండు ఇంటర్నెట్ లైన్లు ఉన్నచోట ఇదే చిక్కు ఫైర్‌వాల్ వద్ద వస్తుంది. మొదటి లైన్‌లో వచ్చిన కనెక్షన్‌కు జవాబు రెండో లైన్‌లో వెళితే అవతలివారు దాన్ని అంగీకరించరు. వచ్చిన లైన్‌లోనే జవాబు వెళ్లేలా ఫైర్‌వాల్‌లో రౌటింగ్ నియమం ఉండాలి. నిర్ధారణకు ఫైర్‌వాల్, లోడ్ బ్యాలెన్సర్, సర్వర్ మూడింటి దగ్గరా ఒకే సమయంలో టీసీపీడంప్ లేదా వైర్‌షార్క్ అనే సాధనంతో ప్యాకెట్లను పట్టండి. జవాబు చివరిసారిగా ఎక్కడ కనిపించిందో, దాని తరువాతి మలుపులోనే లోపం ఉంది.

లాగిన్ అవుతోంది, చిన్న ఉత్తరాలు తెరుచుకుంటున్నాయి, ఫోటోలున్న ఉత్తరం దగ్గర మాత్రం అలాగే నిలిచిపోతోంది. సర్వర్ నెమ్మదించిందా?

సర్వర్‌ను అనుమానించే ముందు ప్యాకెట్ పరిమాణాన్ని చూడండి. ధర్మవరం నుంచి పట్టుచీరల ఫోటోలు పంపే శాఖకు ఇది బాగా పరిచయమైన బాధ. సాధారణంగా ప్యాకెట్ 1500 బైట్లు ఉంటుంది, పీపీపీఓఈ (యూజర్ పేరు, పాస్‌వర్డ్‌తో లైన్ కలిపే పద్ధతి) వాడే ఫైబర్ లైన్‌లో 1492 మాత్రమే పడుతుంది, వీపీఎన్ ఉంటే ఇంకా తగ్గుతుంది. పెద్ద ప్యాకెట్ పట్టలేదని చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని భద్రత పేరుతో ఫైర్‌వాల్ అడ్డుకుంటే, పంపే యంత్రానికి విషయం తెలియక అదే పరిమాణంలో మళ్లీ మళ్లీ పంపుతూనే ఉంటుంది. ఆ ఒక్క రకం ఐసీఎంపీ సందేశాన్ని అనుమతించండి, ఫైర్‌వాల్‌లో టీసీపీ ఎంఎస్‌ఎస్‌ను (ఒక్కో ప్యాకెట్ మోసే డేటా పరిమితి) 1452కు పరిమితం చేయండి. ఇవి చేసినా ఆగితే లోడ్ బ్యాలెన్సర్‌లోనూ, సర్వర్‌లోనూ అటాచ్‌మెంట్ పరిమాణంపై ఉన్న పరిమితులను పోల్చండి.

## లోడ్ బ్యాలెన్సర్ దశ

లోడ్ బ్యాలెన్సర్ తెరపై రెండు సర్వర్లూ పచ్చగానే ఉన్నాయి. అయినా వాడేవాళ్లకు తెరుచుకోవడం లేదు. దేన్ని నమ్మాలి?

వాడేవాళ్లను నమ్మాలి. చాలాచోట్ల ఆరోగ్య పరీక్ష అంటే 443వ పోర్టు తెరిచి ఉందా లేదా అని చూడటం మాత్రమే. వెబ్ సేవ బతికి ఉండి, దాని వెనుక మెయిల్ సేవ పడిపోయినా పోర్టు తెరిచే ఉంటుంది. ఎక్స్ఛేంజ్ 2013 నుంచి ప్రతి సేవకూ హెల్త్‌చెక్ పేజీ ఒకటి ఉంది, సేవ బాగుంటే అది 200 అని జవాబిస్తుంది. వెబ్‌మెయిల్, ఆక్టివ్‌సింక్ (ఫోన్లకు మెయిల్ అందించే సేవ), ఆటోడిస్కవర్‌లకు విడివిడిగా ఆ పేజీలను అడిగేలా పెట్టండి, అప్పుడు ఒక సేవ చెడితే ఆ సేవకు మాత్రమే ఆ సర్వర్ పక్కకు తప్పుకుంటుంది. మెయిల్ పంపే పద్ధతి అయిన ఎస్‌ఎంటీపీకి 220తో మొదలయ్యే పలకరింపు, ఐమ్యాప్‌కు దాని తొలి పలకరింపు వస్తున్నాయో లేదో చూసే పరీక్ష కావాలి.

ఒకే మనిషిని ఎప్పుడూ ఒకే సర్వర్‌కు పంపేలా కట్టిపడేయాలా?

ఎక్స్ఛేంజ్ 2010లో అవసరం, 2013 నుంచి అవసరం లేదు, ఎందుకంటే అభ్యర్థన ఏ సర్వర్‌కు చేరినా అది ఆ మెయిల్‌బాక్స్ క్రియాశీలంగా ఉన్న సర్వర్‌కే వెళ్తుంది. ఉమ్మడి నిల్వపై డవ్‌కాట్ నడిపేవారు మాత్రం ఒక ఖాతా ఒకే సమయంలో ఒకే సర్వర్‌కు వెళ్లేలా చూడాలి, లేకపోతే ఇండెక్స్ ఫైళ్లు చెడిపోతాయి. చిరునామా ఆధారంగా కట్టిపడేస్తే గుంతకల్లు శాఖ మొత్తం ఒకే పబ్లిక్ చిరునామాతో వస్తుంది కనుక అందరూ ఒకే సర్వర్ మీద పడతారు, రెండోది ఖాళీగా ఉంటుంది.

లోడ్ బ్యాలెన్సర్ పెట్టాక సర్వర్ లాగ్‌లలో అందరి చిరునామా ఒకటే కనిపిస్తోంది. దీనివల్ల నష్టం ఉందా?

నష్టం ఉంది, ఒక్కోసారి చాలా పెద్దది. లోడ్ బ్యాలెన్సర్ పంపినవారి చిరునామాను తన చిరునామాగా మార్చినప్పుడు, ఉత్తరాలన్నీ కాపలాదారే రాసి తెచ్చినట్టు సర్వర్‌కు కనిపిస్తాయి. లోపలి నెట్‌వర్క్ నుంచి వచ్చినవారిని పాస్‌వర్డ్ లేకుండా బయటికి మెయిల్ పంపనిచ్చే నియమం మీ సర్వర్‌లో ఉండి, లోడ్ బ్యాలెన్సర్ చిరునామా ఆ నెట్‌వర్క్‌లోనే ఉంటే, ప్రపంచంలో ఎవరైనా మీ సర్వర్ ద్వారా స్పామ్ పంపవచ్చు. కొద్ది గంటల్లోనే మీ పబ్లిక్ చిరునామా నిషేధ జాబితాలకు ఎక్కవచ్చు, ఆ తరువాత మీరు పంపే నిజమైన ఉత్తరాలు కూడా తిరిగి వస్తాయి. కనుక ఈ మార్పు చేసిన రోజే, బయటి నుంచి 25వ పోర్టుకు కనెక్టయి, మీ డొమైన్‌కు చెందని చిరునామాకు ఉత్తరం పంపి చూడండి. సర్వర్ తిరస్కరించాలి.

రెండో నష్టం దీనికి ఎదురుగా ఉంటుంది. తప్పుడు పాస్‌వర్డ్‌లు ప్రయత్నించేవారిని అడ్డుకోవడానికి ఫెయిల్‌2బ్యాన్ వాడుతుంటే, ఎవరో ఒకరు దాడి చేసినప్పుడు అది లోడ్ బ్యాలెన్సర్ చిరునామానే నిషేధిస్తుంది, బయటివారందరికీ ఒక్కసారిగా తలుపు మూసుకుపోతుంది. నిషేధ గడువు ముగియగానే అదే బాగవుతుంది కనుక కారణం అంత త్వరగా తట్టదు. అసలు చిరునామాను సర్వర్‌కు చేరవేయడమే పరిష్కారం. వెబ్ సేవలకు ఎక్స్-ఫార్వర్డెడ్-ఫర్ శీర్షికను చేర్చండి, ఎస్‌ఎంటీపీ, ఐమ్యాప్‌లకు ప్రాక్సీ ప్రోటోకాల్ వాడండి. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్ రెండూ దాన్ని అర్థం చేసుకుంటాయి. లోడ్ బ్యాలెన్సర్‌లోనూ సర్వర్‌లోనూ దాన్ని ఒకేసారి ప్రారంభించాలి, ఒకవైపే పెడితే కనెక్షన్లన్నీ తెగిపోతాయి. ఎక్స్ఛేంజ్‌లో ఎస్‌ఎంటీపీకి ఈ సౌకర్యం లేదు కనుక, 25వ పోర్టుకు అసలు చిరునామా నిలిచేలా సర్వర్ గేట్‌వేను లోడ్ బ్యాలెన్సర్‌గా మార్చడం మంచిది.

## సర్టిఫికెట్, లాగిన్ దశ

కంప్యూటర్‌లో ఏ హెచ్చరికా లేదు, ఫోన్‌లో మాత్రం సర్టిఫికెట్ నమ్మదగినది కాదంటోంది. ఫోన్ పాతదా?

ఎక్కువసార్లు ఫోన్ తప్పు ఉండదు. సర్వర్ తన సర్టిఫికెట్‌తో పాటు మధ్యవర్తి సర్టిఫికెట్‌ను (దాన్ని జారీచేసినవారిది) కూడా పంపాలి. పంపకపోతే విండోస్ దాన్ని తానే వెతికి తెచ్చుకుంటుంది, చాలా ఫోన్ మెయిల్ యాప్‌లు తెచ్చుకోవు. పూర్తి గొలుసును లోడ్ బ్యాలెన్సర్‌లోకి ఎక్కించండి. గుప్తీకరణ సర్వర్ల వద్ద విప్పబడే ఏర్పాటైతే రెండు సర్వర్లలోనూ సర్టిఫికెట్ ఒకటే ఉందో, ఒకదానిలో పాతది మిగిలిందో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే సాధనంతో విడివిడిగా చూడండి. 2026 మార్చి 15 నుంచి కొత్త పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 398 రోజులకు బదులు 200 రోజులు, 2027 మార్చి 15 నుంచి 100, 2029 మార్చి 15 నుంచి 47 రోజులు. ఏడాదికోసారి చేతితో మార్చుకునే అలవాటు ఇక సాగదు, అన్ని యంత్రాలకూ ఒకేసారి చేరే స్వయంచాలక ఏర్పాటు ఇప్పుడే చేసుకోండి.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా అవుట్‌లుక్ బయట మళ్లీ మళ్లీ అడుగుతోంది. ఏం చేయాలి?

ఎన్‌టీఎల్‌ఎం అనే విండోస్ ప్రమాణీకరణ ఒక్కో టీసీపీ కనెక్షన్‌కు కట్టుబడి ఉంటుంది. వేగం కోసం లోడ్ బ్యాలెన్సర్ అనేకమంది అభ్యర్థనలను సర్వర్ వైపు ఒకే కనెక్షన్‌లో కలిపి పంపుతుంటే ఆ కట్టుబాటు చెదురుతుంది, కనుక ఆ కలిపే సౌకర్యాన్ని ఆపండి. ఎక్స్ఛేంజ్‌లో లాగిన్‌ను గుప్తీకరించిన కనెక్షన్‌కు ముడిపెట్టే ఎక్స్‌టెండెడ్ ప్రొటెక్షన్ అమలులో ఉంటే గుప్తీకరణను లోడ్ బ్యాలెన్సర్ వద్దే ముగించి సర్వర్లకు తెరిచి పంపడం కుదరదు. విప్పి మళ్లీ గుప్తీకరించి పంపవచ్చు, కానీ లోడ్ బ్యాలెన్సర్‌లోనూ సర్వర్లలోనూ ఒకే సర్టిఫికెట్ ఉండాలి. ఇది తెలియక పాస్‌వర్డ్‌లు మార్పిస్తూ సిబ్బందిని ఇబ్బంది పెట్టవద్దు.

## ఫోన్లు, అవుట్‌లుక్

ఫోన్‌లో యాప్ తెరిస్తేనే ఉత్తరాలు వస్తున్నాయి, వాటంతటవి రావడం లేదు. ఎందుకు?

ఉత్తరం రాగానే తెలిసేలా ఫోన్ ఒక కనెక్షన్‌ను మౌనంగా తెరిచి ఉంచుతుంది. ఫైర్‌వాల్ గానీ, లోడ్ బ్యాలెన్సర్ గానీ కొద్ది నిమిషాలు ఏ కదలికా లేదని దాన్ని తెంచేస్తే, తెగిన సంగతి ఫోన్‌కు వెంటనే తెలియదు. ఐమ్యాప్‌లో ఎదురుచూసే ఆదేశాన్ని 29 నిమిషాల లోపు మళ్లీ పంపాలని ప్రమాణం చెబుతోంది, కనుక 993వ పోర్టుకు నిరీక్షణ గడువు 30 నిమిషాలకు పైగా ఉంచండి. ఆక్టివ్‌సింక్ వాడే 443వ పోర్టుకు కూడా దాదాపు అంతే కావాలి. దారిలో ఉన్న అన్ని యంత్రాల్లోనూ ఈ గడువును చూడాలి, వాటిలో అతి తక్కువదే అమలవుతుంది.

హిందూపురం శాఖలో కొత్త ల్యాప్‌టాప్‌లో అవుట్‌లుక్ ఖాతా తయారుకావడం లేదు. పాతవి పనిచేస్తున్నాయి.

పాత ల్యాప్‌టాప్‌లకు సర్వర్ వివరాలు ముందే తెలుసు, కొత్తది వాటిని ఆటోడిస్కవర్ ద్వారా అడుగుతుంది. ఆ పేరు బయటి డీఎన్‌ఎస్‌లో ఉండాలి, అది లోడ్ బ్యాలెన్సర్‌కే చేరాలి, సర్టిఫికెట్‌లో ఆ పేరు కూడా ఉండాలి. తిరిగి వచ్చే జవాబులో లోపలివారికి మాత్రమే తెలిసిన సర్వర్ పేరు కనిపిస్తే, ఎక్స్ఛేంజ్‌లోని బయటి చిరునామాల సెట్టింగులను రెండు సర్వర్లలోనూ సరిచేయండి.

## బయటి నుంచి వచ్చే ఉత్తరాలు

వెబ్‌మెయిల్ తెరుచుకుంటోంది, మేం పంపినవి వెళ్తున్నాయి, బయటివాళ్ల ఉత్తరాలు మాత్రం రావడం లేదు. అవి పోయినట్టేనా?

చాలావరకు పోవు. పంపిన సర్వర్ కనీసం 4, 5 రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించాలని ప్రమాణం చెబుతోంది కనుక ఆ లోపు దారి సరిచేస్తే అందుతాయి. మీ డొమైన్‌కు వచ్చే ఉత్తరాలు ఎక్కడికి వెళ్లాలో చెప్పే ఎంఎక్స్ రికార్డు ఒక సర్వర్ పేరును చూపించాలి, అక్కడ అంకెల చిరునామా గానీ, మారుపేరు రికార్డు గానీ ఉండకూడదు. తరువాత బయటి నుంచి 25వ పోర్టుకు కనెక్టయి పలకరింపును చదవండి. 220 తరువాత నక్షత్రపు గుర్తులు వరుసగా కనిపిస్తే, మధ్యలో ఉన్న ఫైర్‌వాల్ ఎస్‌ఎంటీపీ తనిఖీ పేరుతో పలకరింపును చెరిపేస్తోందని, గుప్తీకరణ ఆదేశాన్ని కూడా తొలగిస్తూ ఉండవచ్చని గ్రహించి ఆ తనిఖీని ఆపండి.

## సాంకేతిక సహాయం కోరేటప్పుడు

ఐఎస్పీకి, లోడ్ బ్యాలెన్సర్ కంపెనీకి ఫోన్ చేస్తే ఒకరి మీద ఒకరు నెపం వేస్తున్నారు. ఏ వివరాలు ఇస్తే పని జరుగుతుంది?

విఫలమైన సమయాన్ని సెకన్లతో సహా, ఆ సమయంలో వాడిన వ్యక్తి పబ్లిక్ చిరునామాను, దోష సందేశాన్ని యథాతథంగా ఇవ్వండి. అదే సమయానికి ఫైర్‌వాల్, లోడ్ బ్యాలెన్సర్, సర్వర్ లాగ్‌లను పక్కన జతచేయండి. యంత్రాల గడియారాలు కలవకపోతే ఈ లాగ్‌లను పోల్చలేరు. 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ (కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ) ఆదేశాలు కూడా గడియారాలను ఎన్‌ఐసీ (నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్) లేదా ఎన్‌పీఎల్ (నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ) సమయ సర్వర్లతో కలపాలని, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలని, భద్రతా ఘటనలను 6 గంటల్లో తెలియజేయాలని చెబుతున్నాయి. ఫిర్యాదు ఇచ్చాక వారు ఏదైనా మార్చితే, ఒక్కో మార్పునూ విడిగా నమోదు చేయించి, ప్రతి మార్పు తరువాత రెండు సర్వర్లనూ ఒక్కొక్కటిగా మొబైల్ డేటా నుంచి పరీక్షించిన తరువాతే ఫిర్యాదు ముగించడానికి ఒప్పుకోండి.